జంతికల్లో ఇంగువ

ఆ రోజు ఇంట్లో రాజ్యలక్ష్మి పెద్దమ్మ, హనుమయ్య పెదనాన్న, విజయవాడ నుంచి వచ్చిన శాలిని గారు, నేను ఉన్నాం. మా ఊళ్ళో హైస్కూలు లేదు కాబట్టి నేను పామర్రులో వాళ్ళింట్లోనే ఉండి చదువుకుంటున్నాను.

పెద్దమ్మ చేసే బియ్యప్పిండి జంతికలకు మంచి పేరుంది. గోధుమ పడనివాళ్ళ కోసం విజయవాడలో ఎవరో ఒక దుకాణం పెట్టారు. గోధుమలో ఉండే గ్లూటెన్ లేదని బయటి సంస్థ ముద్ర వేస్తే పెద్దమ్మ జంతికలు తీసుకుంటామన్నారు. ముద్ర వేయాలో వద్దో చూడడానికే ఆ సంస్థ తరఫున శాలిని గారు వచ్చారు.

నాకూ గోధుమ పడదు. పూరీ ముక్క తిన్నా కడుపు మెలిపెడుతుంది. పెద్దమ్మ జంతికలు తిన్నా అంతే.

"బియ్యప్పిండికి కడుపునొప్పేంటే? బడి ఎగ్గొట్టే ఎత్తు కాకపోతే," అనేది పెద్దమ్మ.

పోయిన వారం ఇంగువ డబ్బా తిప్పి చదివాక నాకు అర్థమైంది. అందులో ఇంగువ కంటే గోధుమపిండే ఎక్కువ. చెప్తే పెద్దమ్మ నవ్వేసింది.

"చిటికెడు ఇంగువ నీళ్ళల్లో నానేసి చల్లితే జంతికలు గోధుమవైపోతాయా?"

శాలిని గారు వంటింట్లో నిలబడి అడిగారు. "ఏమేం వేస్తారండీ?"

"బియ్యప్పిండి, వాము, నువ్వులు, కారం, వెన్న. అంతేనండి," అంది పెద్దమ్మ.

"మిగతాదంతా మా ఆవిడ చేతి మహిమండి," అన్నాడు పెదనాన్న.

కొత్తవాళ్ళ ముందు నేను పెద్దగా మాట్లాడను. కానీ రేపు ఆ ముద్రను నమ్మి నాలాంటి పిల్ల ఎవరో పొట్లం విప్పుతుంది. అలమరలోంచి డబ్బా తీసి శాలిని గారి చేతికిచ్చాను.

"ఇంగువ కూడా వేస్తామండి."

ఆవిడ డబ్బా వెనక చదివి నాకు తిరిగిచ్చారు.

"ముద్ర ఇప్పుడు ఇవ్వలేమండి. గోధుమ కలవని ఇంగువ వాడడం మొదలుపెట్టాక కబురు చేయండి. అప్పుడు జంతికలు పరీక్షకు పంపిద్దాం."

ఆవిడ్ని కారు దాకా సాగనంపి పెద్దమ్మ లోపలికి వెళ్ళింది. డబ్బా పట్టుకుని అరుగు మీదే నిలబడ్డాను. పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"నోట్లో నాలుక లేదనుకున్నానే సాయిశ్రీ. ఇంట్లోవాళ్ళకే ఎసరు పెట్టావు."

"మళ్ళీ వచ్చి అడిగినా ఉన్నదే చెప్తాను పెద్దమ్మా. నువ్వు ఇంగువ మార్చు. మొదటి వాయి నేనే తింటాను."

"తిందువుగానిలే," అని పెద్దమ్మ నా చేతిలో డబ్బా లాక్కుని తలుపు వేసేసింది.