సీటు కింది టిక్కు టిక్కు

నేను ఒక ఫ్లాషర్‌ని. మోటారుసైకిల్ సీటు కింద, బ్యాటరీ పక్కన ఇరుక్కుని ఉండే అగ్గిపెట్టెంత డబ్బాని. మీరు హ్యాండిల్ దగ్గర మీట నొక్కగానే ఇండికేటర్ లైటు వెలిగి ఆరి, వెలిగి ఆరి కొట్టుకునేది నా వల్లే. అది కొట్టుకున్నప్పుడల్లా లోపల నేను టిక్కు టిక్కుమంటాను. నా పేరు ఇంతవరకూ వినలేదంటారా? వినరు లెండి. సవ్యంగా పనిచేసినన్నాళ్లూ మాలాంటివాళ్ల పేరు ఎవరికీ అక్కర్లేదు.

ఎక్కడో ఫ్యాక్టరీలో నన్ను చేసి, నాలాంటివాళ్లతో కలిపి అట్టపెట్టెలో పోసి పంపారు. బండిలో కూర్చున్నాకే తెలిసింది, ఇక్కడ నా ఉద్యోగానికి పెద్ద విలువ లేదని. మనుషులు మలుపు తిరగాలంటే చెయ్యి చాపుతారు, లేదంటే కాలు చాపుతారు. కొందరికి అదీ ఉండదు, తిరిగేస్తారంతే. ఎవరైనా నన్ను వాడి ఆపడం మరిచిపోతే మాత్రం, ఎదురొచ్చే ప్రతివాడూ పిడికిలి తెరిచి మూసి చూపించి గుర్తుచేస్తాడు.

నన్ను కొన్న పేరయ్య చిలకలూరిపేట దాటాక హైవే మీదున్న నూలుమిల్లులో పనిచేసేవాడు. ఆయన భార్య అంకమ్మదీ అదే మిల్లు. గేటుకు వెళ్లాలంటే డివైడరు తెగినచోట కుడికి తిరగాలి. వెనక లారీలు దూసుకొస్తుంటాయి. పేరయ్య కుడిచెయ్యి ఎక్సలేటరు మీద ఉంటుంది కాబట్టి, వెనక అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చున్న అంకమ్మ తన కుడిచెయ్యి బారుగా చాపేది. లారీలు నెమ్మదించేవి. లోపల నేనూ టిక్కు టిక్కుమంటూనే ఉండేవాణ్ణి గానీ, ఉన్నమాట చెప్పాలంటే వాళ్లు ఆగింది ఆ చేతికే. నాకు ఒళ్లు మండేది.

మిల్లులో నూలు బుట్టలు ఎత్తీ ఎత్తీ ఆమె భుజం బిగుసుకుపోయింది. చెయ్యి నడుము దాటి పైకి లేవడం మానేసింది. అప్పటినుంచి ఇద్దరి ప్రాణాలూ నా మీద పడ్డాయి. మలుపు దగ్గర అంకమ్మ సీటు మీద నుంచే నా చప్పుడు వినేది. వినపడితే "పోనీ మావా" అనేది. ఇన్నాళ్లకు నన్నూ ఒకరు పట్టించుకున్నారని ఎంత మురిసిపోయానో!

అంతలో దసరా వచ్చింది. పేరయ్యకు బండంటే ప్రాణం. ఆయుధపూజకు మెరిసిపోవాలని తనే బ్రష్షు పట్టుకుని చట్రమంతా నల్లరంగు వేశాడు. ఇండికేటర్ల ఎర్తు వైరును చట్రానికి బిగించే బోల్టు ఒకటుంది. కరెంటు తిరిగి వెళ్లే దారి అదే కాబట్టి అక్కడ వైరు ఉత్త ఇనుముకు తగలాలి. మా మహానుభావుడు ఆ బోల్టు విప్పి, దాని కింద కూడా దట్టంగా పూసి, ఆరాక వైరు మళ్లీ బిగించాడు. ఆ పైన పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. బండికి దిష్టి తగలకూడదని ఆయన తాపత్రయం.

ఇక చూడండి నా ఖర్మ. కుదుపుకు వైరు ఇనుముకు తగిలితే లైటు వెలిగేది, లేకపోతే లేదు. కరెంటు పారకపోతే నేనేం చెయ్యను? నోరు మూసుకునేవాణ్ణి. అంకమ్మ వెంటనే పసిగట్టి, కొట్టుకోవట్లేదు ఆగమనేది. పేరయ్య బండి పక్కకు తీసి, లారీలన్నీ పోయాక తోసుకుంటూ రోడ్డు దాటేవాడు. మిల్లులో మేస్త్రీ చేత చీవాట్లు తినేవాళ్లు, మొగుడూ పెళ్లాం కలిసి నన్ను తిట్టేవాళ్లు. కానీ క్షేమంగా దాటేవాళ్లు. లైటు వెలగనప్పుడు వెలగడం లేదని వాళ్లకు చెప్పింది నేనొక్కణ్ణే.

మెకానిక్ జిలానీ బల్బులు మార్చాడు, స్విచ్చులో ఊదాడు, స్క్రూడ్రైవరుతో నా నెత్తిన మొట్టికాయలు వేశాడు. అతను చెయ్యి పెట్టినప్పుడల్లా వైర్లు కదిలి లైటు వెలిగేది. షాపు దాటగానే ఆగిపోయేది. చివరికి విసిగిపోయి తీర్పు చెప్పేశాడు.

"ఫ్లాషరు పోయింది పేరయ్యన్నా. పాటొచ్చేది ఏస్తా. సప్పుడు గట్టిగా వస్తది, అక్కకి బాగా ఇనపడుద్ది."

ఒరే నాయనా, ఆ బోల్టు విప్పి చూడరా అని ఎంత మొత్తుకున్నానో! నాకు నోరుంటే కదా. నన్ను పీకి షాపు ముందున్న తుక్కు డ్రమ్ములో పడేశాడు. కొత్త పాట డబ్బా వైరును మాత్రం నేరుగా బ్యాటరీకే కలిపాడు. అంటే లైటు వెలిగినా వెలగకపోయినా, మీట నొక్కితే పాట వస్తుంది.

నొక్కి చూశారు. పాట మోగింది, లైటూ వెలిగింది. ఇంక భయం లేదంటూ అంకమ్మ నవ్వి, నొప్పి చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పేరయ్య మీట నొక్కి రోడ్డు మీదకు తిప్పాడు. బండి గుంతలో పడి లేచింది. పాట వినిపిస్తూనే ఉంది, వెనక లైటు ఆరిపోయింది. డ్రమ్ములోంచి చూశాను. చూసి ఏం లాభం?

కొన్నాళ్లకు బండి ట్రాలీ ఆటోలో తిరిగొచ్చింది. వెనక భాగం నుజ్జునుజ్జు. ఇండికేటర్లు ఉండాల్సిన చోట వైర్లు వేలాడుతున్నాయి. పేరయ్య తలకు కట్టుతో దిగాడు. అంకమ్మ చనిపోయింది.

జిలానీ స్టూలు వేసి టీ తెప్పించాడు. పేరయ్య ముట్టలేదు. మిల్లు మలుపులో వెనకనుంచి గుద్దిన లారీ డ్రైవరును జైల్లో పెట్టారట. లైటు వెలగలేదు సార్, వెలిగితే ఆపనా అని వాడు పోలీసుల కాళ్ల మీద పడి ఏడ్చాడట.

"అబద్ధం జిలానీ," అన్నాడు పేరయ్య. "పాట మోగతానే ఉంది. నేనిన్నా. అదీ ఇన్నది. పోనీ మావా అంది."

"బిగించింది నేనే గదన్నా, ఎందుకు ఎలగదు? కోర్టులో ఆ మాటే చెప్పు. నేనూ వస్తా సాక్ష్యానికి."

డ్రైవరు చెప్పిందే నిజం. ఆ సంగతి ఈ డ్రమ్ములో నాకు తప్ప ఎవరికీ తెలియదు. రేపు వీళ్లిద్దరూ ప్రమాణం చేసి, తాము మనసారా నమ్మిందే చెబుతారు. ఆ డ్రైవరుకు చిన్నపిల్లలున్నారట.