నలభై రోజులు వెనకబడిన అద్దం

ఎక్స్‌రే అక్క పొద్దున్నే లేచి, మొహమైనా కడుక్కోకుండా ఫోనులో చూసుకునేది ఒక్కటే, ఇవాళ ఎన్ని ఫొటోలు తిరగ్గొట్టారా అని. ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఎక్స్‌రేలు తీసి రిటైరైన మనిషి. ఊళ్లో సగం మంది పక్కటెముకలు ఆవిడ తీసినవే, ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. ఇప్పుడు కెమెరా కొనుక్కుని, ఫొటోలు అమ్మిపెట్టే వెబ్‌సైటుకి పంపుతుంటే మాత్రం పంపినవి పంపినట్టే తిరిగొస్తున్నాయి.

తీసేదల్లా చెల్లెలి టైలరింగ్ షాపునే. మొదటి ఫొటోకి, కుట్టుమిషను మీద కంపెనీ పేరు కనిపిస్తోందన్నారు. సరేనని ఆ పేరు మీద కొలత టేపు వేలాడదీసి తీస్తే, ఫోకస్ లేదన్నారు. ఫోకస్ సరిచేస్తే ప్రాపర్టీ రిలీజ్ ఏదీ అన్నారు. అంటే, షాపు ఓనరు "ఫొటో తీసి అమ్ముకోండి, నాకేం అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టిన కాయితం. ఓ, అంతే కదా అని అక్క, చెల్లెలైన టైలరమ్మ చేత సంతకం పెట్టించి పంపింది. అద్దెకున్నవాళ్ల సంతకం చెల్లదన్నారు. అది చాలదన్నట్టు కింద ఇంకో ముక్క: "అద్దంలో ఉన్న పెద్దావిడ మొహం గుర్తుపట్టేలా ఉంది. ఆమె అనుమతి కూడా జతచేయండి."

"ఒసేయ్, నేను తీసినప్పుడు షాపులో నువ్వు కూడా లేవు కదే! ఈ పెద్దావిడ ఎవరే?"

"అద్దం సంగతి మర్చిపోయావా అక్కా?" అంది టైలరమ్మ దారం కొరుకుతూ.

అద్దం సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. అది ఆలస్యంగా చూపిస్తుంది. మొదట్లో ఓ గంట లేటు. పోయినేడు గోడకి రంగు వేయించడానికి దించి మళ్లీ తగిలించాక నలభై రోజులు వెనకబడింది. కొత్త చొక్కా ఎలా ఉందో తెలియాలంటే టైలరమ్మ మాటైనా నమ్మాలి, నలభై రోజులు ఆగైనా రావాలి. కొంతమంది పట్టుదలగా వస్తారు కూడా.

ఫొటోలో ఉన్నది ఓనరమ్మ. రోజూ నాలుగింటికి వచ్చి, కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని, గంటసేపు కబుర్లు చెప్పి వెళ్లేది. ఆఖరి రోజు కూడా వచ్చి వెళ్లి, ఆ సాయంత్రమే పోయింది. షాపు కొడుకు చేతికొచ్చింది. కొడుకేమో నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. పందొమ్మిదేళ్ల షాపు. ఇంకెక్కడా చోటు దొరక్క టైలరమ్మకి తిండి సయించడం లేదు. అతని కంటబడితే రేపే పొమ్మంటాడేమోనని, తలొంచుకుని మిషను తొక్కుకుంటోంది.

చెల్లెలు ఇలా బిక్కుబిక్కుమంటూ ఉంటే మన ఎక్స్‌రే అక్క ఏం చేసిందంటారు? ఫొటో, షాపుకొకటి, ఓనరమ్మ మొహానికొకటి రెండు కాయితాలూ పట్టుకుని నేరుగా ఆ కొడుకు ఆఫీసుకే వెళ్లింది. ఓనరు సంతకం కావాలన్నారు, ఓనరు ఈయనే కదా, అంతవరకే తట్టింది ఆవిడకి.

అతను ఫొటోని చాలాసేపు చూశాడు.

"ఎప్పుడు తీశారిది?"

"మొన్న మంగళవారమండీ. అద్దం నలభై రోజులు లేటు కదా..."

"అది తెలుసు. మా అమ్మ నవ్వుతోందేంటి?"

"ఏమోనండీ. నాకు ఎముకల సంగతి తప్ప తెలీదు."

సంతకం పెట్టలేదు, కాయితాలు తన దగ్గరే ఉంచుకున్నాడు. మర్నాడు నాలుగింటికి అతనే షాపుకొచ్చాడు. టైలరమ్మ కత్తెర కింద పెట్టేసి లేచి నిలబడింది. అతను ఆమెకేసి చూడనే లేదు, వెళ్లి అద్దం ముందు నిలబడ్డాడు. అద్దంలో తలుపు తెరుచుకుంది. ఓనరమ్మ గొడుగు ముడుస్తూ వచ్చి కూర్చుని, చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. అద్దంలోని టైలరమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. మాట మాత్రం వినపడదు.

"ఏం చెప్తోంది?"

టైలరమ్మ కాసేపు ఆలోచించింది. "మీ చిన్నప్పుడు ముక్కులో గుండీ దూర్చుకున్నారటండీ. డాక్టరు దగ్గరికి పరిగెత్తుతుంటే దారిలో తుమ్మారట, ఊడి పడిందట. ఆ గుండీ ఇప్పటికీ దాచాను అంటున్నారు."

అతని చెయ్యి దానంతటదే ముక్కు మీదికెళ్లింది. "నా గురించా?"

"రోజూ మీ గురించేనండీ."

"మరి ఇంట్లో నాతో ముక్క మాట్లాడేది కాదే! నాకేం అర్థం కావట్లేదు." స్టూలు మీద కూలబడి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "అమ్మ పోయి ఇవాళ్టికి ముప్పై రోజులు. అంటే ఇందులోకి ఇంకో పది రోజులు వస్తుంది. అన్నాళ్లూ ఉండండి. పదకొండో రోజు తాళం వేసుకుంటాను."

ప్రాపర్టీ రిలీజ్ మీద సంతకం పెట్టేశాడు. రెండో కాయితం వెనక్కిచ్చేశాడు. "మా అమ్మని మాత్రం ఎవరికీ ఇవ్వను."

ఫొటో మళ్లీ తిరిగొచ్చింది. ఎక్స్‌రే అక్క ఈసారి చెల్లెలికి చెప్పనుకూడా లేదు.

అతను రోజూ వచ్చాడు. రోజూ "ఏం చెప్తోంది?" అనడం, టైలరమ్మ చెప్పడం. గుర్తుండి చెప్పిందో, అల్లి చెప్పిందో మనకెందుకు? పదో రోజు అద్దంలో ఓనరమ్మ గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి, టైలరమ్మ భుజం మీది దారప్పోగు తీసేసి వెళ్లిపోయింది. అతను ఏడ్చాడు. టైలరమ్మా ఏడ్చింది, ఆవిడ కోసం సగం, షాపు కోసం సగం.

పదకొండో రోజుకి బట్టలన్నీ మూటలయ్యాయి, మిషనుకి ముసుగు పడింది. ఎక్స్‌రే అక్క అద్దాన్ని మేకు నుంచి దించుతుంటే అతను తాళంకప్పతో వచ్చాడు.

"ఇవాళ రాదని తెలుసు. అయినా నాలుగు కావస్తోంది, ఒక్కసారి తగిలించండి."

ఆవిడ తగిలించింది. ముగ్గురూ నిలబడ్డారు. బయట ఎండ మండిపోతోంది. అద్దంలో తలుపు తెరుచుకుని ఓనరమ్మ వచ్చింది. చేతిలో గొడుగు లేదు. మెడ దాకా గుండీలు పెట్టుకున్న మందపాటి కోటులో వణుకుతూ వచ్చి కూర్చుంది.

"అయ్యో, ఆ కోటు పోయినేడు చలికాలంలో కుట్టింది కదా!" అంది టైలరమ్మ.

అతను వేళ్లు మడవబోయి ఆగిపోయాడు. "అయితే ఇంకెన్ని రోజులు?"

"ఏమోనండీ," అంది ఎక్స్‌రే అక్క. కెమెరా తీయబోయి, మళ్లీ సంచిలో పెట్టేసింది.

అతను తాళంకప్ప జేబులో వేసుకుని, స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. "ఏం చెప్తోంది?"

టైలరమ్మ మిషను ముసుగు తీసి, ఎదురుగా కూర్చుంది. "ఆ రోజా... ఉండండి, గుర్తు చేసుకోనివ్వండి."