బొమ్మల గదిలో టార్చి

...అసూయే అనుకుంది కదా, ఎంత చక్కగా అతికిందో. తమ్ముడు పుట్టాడు, అమ్మ ఒడి చేజారింది, పాప తలుపు గడియను పదే పదే తాకడం మొదలుపెట్టింది. కిందటిసారి ఆ మాటే చెప్పి పంపించేసింది, ఆటబొమ్మలతో పిల్లల మనసు చూసే బొమ్మల డాక్టరమ్మ. పాప వెళ్లిందిగానీ పాప చూపు వెళ్లలేదు. ఇంట్లో తను స్టవ్ వెలిగిస్తుంటే, అద్దంలో తల దువ్వుకుంటుంటే, తాళం వేసిన ఇంట్లో ఎవరో పిల్ల కిటికీకి ముఖం ఆనించినట్టు ఆ చూపు.

ఇప్పుడు ఏడేళ్ల పాప ఎదురుగా కూర్చుని, ఉమ్మి మింగకుండా రుమాలుకు తుడుచుకుంటోంది.

"తమ్ముడంటే కోపమా?"

"వాడంటే దీనికి ప్రాణమండీ," అంది తల్లి. "రాత్రి వాణ్ణి జోకొట్టి పడుకుంది. తెల్లారి లేచిన పిల్ల నా పిల్ల కాదు. అన్నం తింటే చచ్చిపోతానంటుంది. మా అత్తగారు గారాబం అంటారు. మా ఆయన నా పోలికంటాడు."

"ఒక్క రాత్రిలోనా?"

"కిందటిసారే చెప్పాను. మీరు వాడి పుట్టుక గురించే అడుగుతూ పోయారు."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "దానికి ముందు జ్వరమేమైనా వచ్చిందా?"

"గొంతు నొప్పీ, జ్వరమూ. రెండు రోజుల్లో పోయాయి. గొంతుకీ బుర్రకీ ఏం సంబంధంలే అని చెప్పలేదు. ఇవాళ ఏదో మందు రాస్తామన్నారుగా?"

అసూయ ఒక్క రాత్రిలో ముదరదు. గొంతులో దూరిన క్రిమి మీదికి లేచిన ఒళ్లు, గురి తప్పి మెదడునే కొట్టడం కొందరు పిల్లల్లో జరుగుతుంది. చదివిందే, తెలిసిందే. కానీ ఈ గదిలో పిల్లల్ని ముట్టుకోరు. తెల్లకోటు లేదు, నాలుక నొక్కే పుల్ల లేదు, టార్చి లేదు. పిల్లలు బెదరకూడదని తనే పెట్టిన నియమం, తనకెంతో గర్వమైన నియమం. గొంతులు చూసేది పక్క గదివాళ్లు.

పక్క గదికి వెళ్లి టార్చి అడిగి తెచ్చింది. ఆ క్రిమి జాడ గొంతులో దొరక్కపోతే రక్తం చూడాలి. అక్కడా దొరక్కపోవచ్చు. అయినా చూడకుండా మందు రాయడానికి చెయ్యి రావడంలేదు.

"నోరు తెరుస్తావా, తల్లీ?"

పాప పెదవులు బిగించింది. తల అడ్డంగా ఊపింది. పళ్ల సందునుంచే అంది: "క్రిములు లోపలికి పోతాయి."

"పోతాయేమో. ముందు నా గొంతులో ఉన్నాయేమో చూసిపెట్టు."

పాప రుమాలు చుట్టి టార్చి అందుకుంది. డాక్టరమ్మ నేలమీద మోకాళ్లూని, తన నోరు బార్లా తెరిచింది.