స్వర్ణ దాచిన సిప్

సాంచెల మధ్య బతికే మనిషి మెల్లగా మాట్లాడడు. టెంఘర్‌లో ఆగయ్య సేట్ కరెంటు మగ్గాల కార్ఖానాలో ఆ సాంచెలు నడుస్తుంటే, చెవి దగ్గర అరిచినా సగమే వినబడుతుంది. గుట్టు మాటలకు అంతకన్నా మంచి చోటు లేదని అక్కడి ఆడవాళ్ల నమ్మకం. కండెలు చుట్టే స్వర్ణ కూడా అదే నమ్ముకుంది, పాపం.

బిడ్డ దీపాలిని నర్సింగ్ చదివించాలని ఆమె ఆశ. దగ్గర్లోని పూర్ణలో గోదాము ఉద్యోగం చేసే మేనల్లుడు వైభవ్ ఆమె పేరున నెలనెలా ఐదు వందలు షేర్ మార్కెట్ ఫండులో చేరే సిప్ తెరిచిపెట్టాడు. అదే కార్ఖానాలో సాంచె నడిపే మొగుడు సదానందానికి మాత్రం చెప్పలేదు. చెప్తే ఊరుకునే మనిషా? షేర్ మార్కెట్ అంటే జూదమని, అందులో పైసా పెట్టినవాడికి మతి లేదని రోజూ చాయ్ దగ్గర ఉపన్యాసమిచ్చే ఘనుడు.

ఇంతలో సరిహద్దులో యుద్ధం మొదలైంది. మార్కెట్ పడిందని టీవీలో ఒకటే గోల. నేను ముందే చెప్పానంటూ సదానందం గొంతు ఇంకా పెంచాడు. స్వర్ణకు అన్నం సహించలేదు. చివరికి తెగించి, నడుస్తున్న సాంచెల పక్కన నిలబడి వైభవ్‌కు ఫోన్ చేసింది. ఉన్నది తీసేద్దామా అంటే, ఇప్పుడు తీస్తే నష్టమే చేతికొస్తుంది, ఆగమన్నాడు వాడు. ఆమె గుండె దిటవు చేసుకుని, గొంతు చించుకుని జవాబు మొదలుపెట్టింది. అప్పుడే కరెంటు పోయింది. సాంచెలన్నీ ఆగాయి. ఆమె గొంతు మాత్రం ఆగలేదు.

"దీపాలి సదువు పైసలు తియ్యకు అల్లుడా. సిప్ నడవనియ్యి. మీ మామకు మాత్రం చెప్పకు."

తెగిన పోగు చేతిలో పట్టుకుని సదానందం అలాగే నిలబడిపోయాడు. ఈ క్షణమే అంతా తీయిస్తాడు, బిడ్డ చదువు ఆగిపోయినట్టే అనుకుంది స్వర్ణ.

ముందుగా నవ్వింది పక్కన కండెలు చుట్టే ముసలి కనకవ్వ.

"గట్ల బెదురుతవేందే, నాది గూడ ఉన్నది," అంది.

సాంచె నడిపే ఓంప్రకాష్ తనకు రెండున్నాయని ఒప్పుకున్నాడు. చాయ్ తెచ్చిన గాలయ్య గ్లాసులు కింద పెట్టి మరీ చెయ్యెత్తాడు. ఆగయ్య సేట్ సైతం గొంతు సవరించుకుని, తనదీ ఉందని, ఇంట్లో మాత్రం చెప్పొద్దని బతిమాలాడు. కార్ఖానా అంతా నవ్వులే నవ్వులు. ఇన్నాళ్లూ ఆ ఉపన్యాసాలు విన్నవాళ్లంతా లోలోపల నవ్వుకుంటూ చాయ్ తాగారన్నమాట. సిప్ లేనిది సదానందం ఒక్కడికే.

"గిందరు పెట్టిండ్రు. నాకొక్క మాట చెప్పొద్దా?" అన్నాడు పెళ్లాంతో, చిన్నబోయి.

"నువ్వెన్నడన్న చెప్పనిచ్చినవా?"

సదానందం దగ్గరికొచ్చి ఆమె చేతిలోని ఫోన్ తీసుకున్నాడు. స్వర్ణ కళ్లు మూసుకుంది.

"అల్లుడా, మీ అత్త పైసలు ముట్టకు," అన్నాడు. "నాది గూడ ఒకటి తెరువు. బిడ్డ సదువుకు ఇద్దరం కడ్తం."

ఇన్నాళ్లూ భయపడింది ఈ మనిషికేనా అని స్వర్ణకు నవ్వాగలేదు. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.