గాడీ పూరీ

సదానందం అబద్ధాలాడే మనిషని సూరత్ లింబాయత్‌లో ఎవరూ అనరు. జరిగింది జరిగినట్టు చెప్తే ఆ జరిగినదానికే చిన్నతనమని ఆయన నమ్మకం, అంతే. ఎండ బాగా కాసిందంటే సరిపోదు, డాబా మీద ఆరబోసిన కందిపప్పు ఉడికి పప్పుచారై తూములోంచి కారిందనాలి. దోమలు ఎక్కువయ్యాయంటే సరిపోదు, పడుకున్న మనిషిని మంచంతో సహా బమ్రోలి దాకా ఎత్తుకుపోయి, మరీ బక్కగా ఉన్నాడని చీదరించుకుని తిరిగి తెచ్చి పడేశాయనాలి.

కాళ్లలో సత్తువ ఉన్నన్నాళ్లూ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, చీరలు నేశాడు. మోకాళ్లు మొరాయించాక బ్లాగు పెట్టాడు. దాని పేరు 'జర పైలం', అంటే కాస్త జాగ్రత్త. వరదొస్తే ముందు ఏం సర్దుకోవాలి, సాంచాల షెడ్డులో మంట లేస్తే ఎటు ఉరకాలి, కరెంటు పట్టుకున్నవాణ్ణి దేనితో నెట్టాలి, ఇట్లాంటివన్నీ సూరత్‌లో ఉన్న తెలుగు జనానికి తెలుగులో రాస్తాడు. కోడలు సుభాషిణి ఫోనులో అంతా అమర్చి పెట్టింది. ప్రకటనలు పెడదామా మామా అంటే ఒప్పుకోలేదు.

"నిప్పుతోని పైలం అని నేను రాస్త, దాని కిందనే పటాకుల బొమ్మ వస్తది. నా ఇజ్జతేం గావాలె?"

అందుకని బ్లాగు అడుగున 'ఆసరా' అని ఒక మీట పెట్టించాడు. చదివినవాళ్లకు బుద్ధి పుడితే అది నొక్కి చాయ్ పైసలు పంపొచ్చు. కింది అంతస్తులో చీరలు మడత పెట్టే కార్ఖానా నడిపే రాజమౌళి వరసకు బామ్మర్ది. చూసినప్పుడల్లా ఎకసెక్కమాడేవాడు.

"ముసలోళ్లకు మనం ఆసరా ఇయ్యాలె అంటరు గని బావా, గిట్ల మీట పెట్టి వసూలు జేసుడు నీ దగ్గర్నే జూసిన."

నొక్కేవాళ్లు నొక్కుతూనే ఉన్నారు. సదానందానికి మంట ఎక్కడంటే, వాళ్లు నొక్కేది జాగ్రత్తల కోసం కాదు. వరద నీళ్లలో మొసలి కొట్టుకొచ్చి షేర్ ఆటోలో ఎక్కి కూర్చుంది, డ్రైవరు కిరాయి అడిగేసరికి ఏడ్చింది అని ఒకసారి రాశాడు. ఆ రోజు మీట అరిగిపోయింది. 'తాతా, మొసలి ముచ్చట ఇంకోటి రాయి' అని తెగ ఉత్తరాలు. అదే ముచ్చట కింద, నీళ్లు రాకముందే కరెంటు మెయిన్ ఆపాలని రాసిన ముక్క ఎవరి కంటా పడలేదు.

అందరి సంగతీ అట్లా ఉంచితే, ఆయన ప్రాణం వెంకటవ్వ దగ్గర కొట్టుకునేది. గల్లీ చివర, వాగు గోడను ఆనుకుని, రోడ్డు కంటే పల్లంలో ఆమె గది. ఒంటిమనిషి, మోకాళ్లు వంగవు. వరసకు మేనత్త. నీళ్లొస్తే మొదట దూరేది ఆ గడపలోనే. పోయిన వానాకాలం సదానందం మాట నమ్మి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి డాబా మీదికి మోశారు. వరద రాలేదు. మళ్లీ మోశారు, మళ్లీ రాలేదు. మూడోసారి ఎక్కేసరికి ఎండ కాసింది. చేసేదేమీ లేక వెంకటవ్వ అక్కడే వడియాలు పెట్టుకుని, ఎండబెట్టుకుని దిగింది. దిగుతూ ఒట్టు పెట్టింది.

"అల్లుడా, ఇగ నన్ను ఎక్కియ్యాలంటే పాడె మీదనే ఎక్కియ్యి. కుర్చీ తెస్తె కాలు ఇరగ్గొడుత. కుర్చీది కాదు, నీది."

ఊరంతా చదివినా ఈ ఒక్క ముసలామె మెట్లెక్కకపోతే తన బ్లాగు ఎందుకూ కొరగాదని సదానందం లోలోపల కుమిలిపోతుండేవాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సూరత్‌లో ఖాడీ అంటే వాగు, పూర్ అంటే వరద. వానలు మొదలైతే ఈ రెండూ జంటగానే నోళ్లలో తిరుగుతాయి. ఖాడీ పూర్, ఖాడీ పూర్ అని. మనవాళ్లు కూడా ఎంత తెలుగు మాట్లాడినా ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి అట్లాగే అనేస్తారు.

ఆ రోజు పొద్దున సదానందం ఖాడీ వంతెన దగ్గరికి పోయి చూశాడు. పైన ఎక్కడో గట్టిగా కురిసినట్టుంది, నీళ్లు ఎర్రగా నురగలు కక్కుతున్నాయి. పైగా సముద్రంలో పోటు. కిందికి పోవలసిన నీళ్లు పోలేక, మరిచిపోయిందేదో గుర్తొచ్చినట్టు వెనక్కి మళ్లుతున్నాయి. ఆయన వెంటనే ఫోను తీశాడు. అద్దాల మీద చినుకులు పడి ఫోను కనపడటం లేదు. నోటితో చెప్తే ఫోనే రాసుకునే సౌకర్యం ఒకటుంది కదా, దాన్ని నొక్కి గొంతెత్తి చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఉప్పూ కారం కలపకుండా చెప్పాడు.

"ఖాడీ పూర్ ఈ పొద్దు పగటాల్లకు మన గల్లీకి వస్తది. ఇంట్ల గ్యాసు బందు పెట్టుండ్రి. గిన్నెలు, తాగే నీళ్లు పట్టుకోని డాబా ఎక్కుండ్రి. ముసలోళ్లను ముందుగాల ఎక్కియ్యాలె. ఆలస్యం జేసినోళ్లకు తొవ్వ దొరకది."

చుట్టూ సాంచాల చప్పుడు, ఆటోల మోత. ఫోను పాపం తనకు వినపడింది రాసుకుంది. ఖాడీ గాడీ అయింది, వాగు కాస్తా బండైంది. 'పూర్ ఈ పొద్దు' కలిసిపోయి 'పూరీ పొద్దు' అయింది. దారిని 'తొవ్వ' అన్నప్పుడు ఆటోవాడు హారన్ కొట్టాడు, ఆ ముక్క గాల్లో కలిసింది. సదానందం చూసుకోకుండానే పంపేశాడు. గల్లీ జనం ఫోనుల్లో పడింది ఇది:

'గాడీ పూరీ పొద్దు పగటాల్లకు మన గల్లీకి వస్తది. ఇంట్ల గ్యాసు బందు పెట్టుండ్రి. గిన్నెలు, తాగే నీళ్లు పట్టుకోని డాబా ఎక్కుండ్రి. ముసలోళ్లను ముందుగాల ఎక్కియ్యాలె. ఆలస్యం జేసినోళ్లకు దొరకది.'

ఎప్పుడూ లేనిది, అందులో ఒక్క గప్పా లేదు, ఒక్క కోతా లేదు. అందుకే అందరూ నమ్మారు.

సదానందం కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వచ్చేసరికి గల్లీ గల్లీయే మెట్లెక్కుతోంది. పొయ్యిలు ఆర్పేశారు. పిల్లలను ఎత్తుకున్నారు. ఇంతలో కుర్చీ వచ్చింది. ఒక పక్క రాజమౌళి, ఇంకో పక్క కార్ఖానా మనిషి, నడుమ మహారాణిలా వెంకటవ్వ. ఒళ్లో స్టీలు పళ్లెం.

"అత్తా! నువ్వేనా?"

"నేను గాక నా దయ్యమా? ఇన్నొద్దులకు నువ్వొక మనిషి పని జేసినవు అల్లుడా. జర పక్కకు జరుగు, ఎక్కనియ్యి."

డాబా మీద రేకుల కింద అందరూ వరసగా కూర్చున్నారు. క్రమశిక్షణ చూసి సదానందం మురిసిపోయాడు. రాజమౌళి మాత్రం ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు.

"ఉల్లిగడ్డలెందుకు బామ్మర్దీ?"

"మరి ఉత్తగనేనా? సరే గని బావా, ఆసరా మీట నొక్కినోళ్లకేనా, అందరికా?"

"గిదేం మాట? ఉన్నోడు లేనోడు అని జూస్తదా అది? అందరి ఇండ్లల్లకు వస్తది."

"ఇండ్లల్లకే వస్తదా! మరి పైకెందుకు ఎక్కిచ్చినవు?"

"కింద ఉంటె మునుగుతరు గదరా."

"గంతగనం వస్తదా?" అంది వెంకటవ్వ, కళ్లు మెరుస్తుండగా.

"మోకాళ్ల దాకనైతే ఖాయం. గట్టిగ వచ్చిందనుకో, మెడ దాక."

"నాకు మెడ దాక వద్దు బిడ్డా. నాలుగు చాలు. పండ్లు లేవు, మెత్తటివి చూసి వేయించు."

సదానందం భార్య లలితమ్మ వచ్చి ఆయన రెక్క పట్టుకుని నీళ్ల ట్యాంకు వెనక్కి లాక్కుపోయింది. ఫోను ఆయన ముక్కుకు ఆనించింది.

"ఏం రాసినవో సదువు."

చదివాడు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. తొంగి చూస్తే గల్లీ పొడిగా ఉంది. వాన కూడా ఆగింది. ఎవరో అప్పుడే, గాడీ ఏడ ఆగింది తాతా, ఆకలైతంది అని అరిచారు.

"నిజం జెప్పు," అంది లలితమ్మ.

"నిజం జెప్తె అత్త దిగుతది. దిగితె మళ్ల ఎక్కది. నీళ్లు వచ్చుడు ఖాయం, ఖాడీ ఎనుకకు తన్నుతుంటె నేను కండ్లార చూసిన."

"మరి ఏం జేస్తవు?"

సదానందం మీసం దువ్వుకున్నాడు. "నాకొచ్చిన పనే జేస్త."

జనం ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"గాడీ పర్వత్ పాటియా దాటింది. ఇప్పుడే ఫోనొచ్చింది. అయితే జర లేటైతది. ఎందుకంటె పూరీలు మామూలువి గావు. ఒక్కొక్కటి మన రాజమౌళి కార్ఖానాల చీరంత ఉన్నది."

"చీరంతనా?" రాజమౌళి కత్తి ఆపాడు. "మడత ఎట్ల పెడుతున్నరు?"

"గదే తంటా. నీ అసొంటి పనిమంతుడు లేక, మడత రాక, ఉబ్బినయి ఉబ్బినట్టె గాడిల ఏసిండ్రు. గాడీ జర దూరం పోంగనే చక్రాలు భూమికి ఆనుత లెవ్వు. పూరీలు పైకి గుంజుతున్నయి. డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డడు. బ్రేకు పనిజేస్తంది, గని గాడీ గాలిల ఉన్నది."

పిల్లలు నోళ్లు తెరిచారు. ఒకామె అంది, "మరి దించేదెట్ల?"

"సూది దెచ్చిండ్రు. ఒక పూరీకి పొడిచిండ్రు. ఆ ఆవిరికి పక్క సందుల ఇడ్లీల బండి పెట్టుకున్నాయన ఇడ్లీలన్ని ఉత్తగనే ఉడికినయి. గాడీ దిగింది. దిగుడు దిగుడు ఒక బర్రె ముంగట దిగింది. బర్రె ఒక పూరీ కొరికింది. ఇప్పుడు బర్రె గాలిల ఉన్నది."

"కూర ఏంది?" అంది వెంకటవ్వ. ఆమెకు బర్రె గోల పట్టలేదు.

"ఆలుగడ్డ కూర అత్తా. ఎనుక ఇంకో గాడిల వస్తంది."

"పచ్చిమిరపకాయలు తక్కువ ఎయ్యుమను."

బర్రెను కిందికి దించడానికి సదానందానికి చాలాసేపు పట్టింది. తాడు వేయించాడు, తాడు పట్టుకున్నవాణ్ణి కూడా లేపాడు, వాణ్ణి కరెంటు స్తంభానికి చిక్కించాడు, అతనింటి వాళ్లకు కబురు పంపాడు. చెప్తూ చెప్తూ ఓరకంట గల్లీ వైపే చూస్తున్నాడు. గొంతు ఎండిపోతోంది, నీళ్ల జాడ లేదు. చివరికి రాజమౌళి లేచి పంచె దులుపుకున్నాడు.

"బావా, నీ బర్రె దిగేసరికి నా ఉల్లిగడ్డలు మొలకలేస్తయి. నేను కిందికి పోయి చాయ్ పెట్టుకుంట."

"నన్ను గూడ దించు," అంది వెంకటవ్వ. "ఈయన గప్పాలు నాకు ఎరుకలెవ్వా?"

సదానందం వెళ్లి కుర్చీకి అడ్డంగా కూర్చున్నాడు. "అత్తా, నీ కాళ్లు మొక్కుత. జరసేపు." ఈసారి ఆయన గొంతులో ఆట లేదు. ముసలామె ఆయన ముఖంలోకి వింతగా చూసింది.

రాజమౌళి చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగాడు. దిగిన చప్పుడు ఆగింది. తర్వాత అంతకు రెట్టింపు చప్పుడుతో పైకొచ్చాడు. పంచె అంచు తడిసి ఉంది.

"నీళ్లు!"

అందరూ పిట్టగోడ దగ్గరికి ఉరికారు. ఖాడీ గోడ మీదుగా ఎర్రటి నీళ్లు సద్దు లేకుండా గల్లీలోకి జారుతున్నాయి. వెంకటవ్వ గడప అప్పటికే మునిగింది. కాసేపటికి తలుపు తోసుకుని ఆమె నులక మంచం బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసి, రాజమౌళి కార్ఖానా వైపు మెల్లగా సాగిపోయింది.



"ఆ మంచం మీద నేనుందును," అంది వెంకటవ్వ.

సదానందం తల వంచుకున్నాడు. "పూరీ గాదత్తా. పూర్. ఫోను తప్పు రాసింది. రాసినంక నాకు ఎరుకైంది. చెప్తె దిగుతవని చెప్పలే."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. లలితమ్మ కళ్లు తుడుచుకుంది. రాజమౌళి కూడా ముక్కు చీదాడు, ఉల్లిగడ్డల వల్లనో ఏమో.

"అల్లుడా," అంది వెంకటవ్వ మెత్తగా. "అయితే పూరీలు లెవ్వా?"

"లెవ్వత్తా."

పట్టుకున్న చేతినే గట్టిగా గిచ్చింది. "మంచం పాయె, పరుపు పాయె, పొద్దున వండిన గటక వరదల పాయె. నువ్వు చెప్తివని కడుపు మాడ్చుకోని ఎక్కితి. ముసలిదాన్ని పూరీ అని మోసం జేస్తవా!"

లలితమ్మ వరద కోసం కట్టిపెట్టిన అటుకులు, బెల్లం మూట విప్పింది. అందరూ తలా గుప్పెడు తిన్నారు. వెంకటవ్వ నమిలి నమిలి, "నీ పూరీలు ఉబ్బలే," అంది.

నీళ్లు తగ్గి, బురద కడుక్కున్నాక సదానందం జరిగిందంతా బ్లాగులో రాశాడు. బమ్రోలి నుంచి తిట్లు వచ్చాయి. అక్కడి పాఠకులు కూడా పళ్లేలతో డాబాలెక్కి చీకటి పడేదాకా కూర్చున్నారట. వాళ్లకు నీళ్లూ రాలేదు, పూరీలూ రాలేదు. కొందరు మీట నొక్కడమే మానేశారు. ఇంకొందరు, తరువాతి గాడీ ఎప్పుడో చెప్తే నొక్కుతామని బేరం పెట్టారు.

వెంకటవ్వ మాత్రం బేరాల మనిషి కాదు. కొత్త మంచం మీద కూర్చుని తీర్పు చెప్పింది.

"రాతలు నమ్మ. మాటలు అసలే నమ్మ. డాబా మీదికెల్లి నూనె వాసన రావాలె. అప్పుడు కుర్చీ తెండ్రి."

అప్పటి నుంచి ఆసరా పైసలు గోధుమపిండికీ నూనెకూ పోతున్నాయి. 'జర పైలం'లో వరద జాగ్రత్తలు ఇప్పుడు ఆలుగడ్డలు ఉడకబెట్టడంతో మొదలవుతాయి.

మొన్న మళ్లీ మబ్బు పట్టింది. ఖాడీ కొంచెం ఎర్రబడింది. సదానందం ఫోను జేబులోంచి తీయలేదు. లలితమ్మ డాబా మీద మూకుడు పెట్టి నూనె పోసింది. మొదటి పూరీ పొంగకముందే గల్లీ చివర నుంచి, "కుర్చీ ఏదిరా?" అని కేక వినపడింది.

ఎక్కింది, తిన్నది. వాన కురవలేదు. మబ్బు విడిపోయి ఎండ కాసింది. రాజమౌళి కుర్చీ పట్టుకుని, "దిగుదామా అత్తా?" అన్నాడు.

వెంకటవ్వ చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశమంతా వెతికింది. ఎక్కడో పర్వత్ పాటియా వైపు దూదిపింజంత మబ్బు కనపడింది.

"ఎట్ల దిగుమంటవురా? అగో, ఎంత పెద్ద మబ్బు! ఈ గల్లీ మొత్తం కొట్టుకపోతది," అని పళ్లెం ముందుకు జరిపింది. "లలితమ్మా, ఇంకో వాయి ఎయ్యి."