పరీక్షకు రావద్దన్న పిల్లలు

అల్లవరం దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఉంది ఆ ప్రాథమిక పాఠశాల. మొత్తం ఇరవై ముగ్గురు పిల్లలు. బడి కమిటీ చైర్మన్ వీరలక్ష్మి వాళ్ల వీధి నుంచి ఎనిమిది మంది, చర్చిపేట నుంచి పదకొండు మంది, రొయ్యల చెరువుల కాపలాకి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు నలుగురు. ఇరవై కంటే తగ్గితే బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారని అందరూ అనుకుంటున్నారు. హెడ్మిస్ట్రెస్ సుందరికి ఈ మధ్య ఆ లెక్క తప్ప మరొకటి తోచడం లేదు.

పిల్లల చదువు ఎలా ఉందో చూడటానికి మంగళవారం అమలాపురం నుంచి పరిశీలకుడు వస్తున్నాడని కబురొచ్చింది. సోమవారం మధ్యాహ్నం, పిల్లలు అన్నాలు తింటుండగా, వీరలక్ష్మి వచ్చింది. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. కూతురు రమ్యశ్రీ మూడో తరగతి.

"దాచకుండా చెబుతున్నానండి మేడం గారూ. పోయినసారి మండలంలో మన బడే ఆఖరు. చెరువుల మీద పిల్లలకి తెలుగే రాదాయె. వాళ్లని మనోళ్లతో కలిపి లెక్కేస్తే ఇంకేం మిగుల్తాదండి? ఈసారీ అంతే అయితే మా వీధోళ్లం ఎనిమిది మందికీ టీసీలు తీసేసుకుంటాం. కాన్వెంటు బస్సు మా వీధి చివరిదాకా వస్తానంటోంది."

"నన్నేం చెయ్యమంటారండి?"

"రేపొక్క రోజు వాళ్లని రావద్దనండి."

ఆమె వెళ్లాక రెండో టీచరు సాయిదుర్గాప్రసాద్ కూడా అదే మాట అన్నాడు. "బడికి రానోళ్లని ఎవరూ పరీక్షించరండి. ఒక్క రోజే కదా. బడి నిలబడుతుంది."

సాయంత్రం సుందరి స్కూటీ మీద చెరువుల దగ్గరికి వెళ్లింది. సుకాంతి తల్లి షెడ్డు ముందు వలలు ఆరబెడుతోంది. ఆ నలుగురిలో సుకాంతీ మూడో తరగతే.

"రేపు సెలవమ్మా. నలుగురినీ పంపకండి," అంది సుందరి.

తల్లి తలూపింది. పక్కనే ఉన్న సుకాంతి అడిగింది, "రమ్యకీ సెలవేనా టీచర్?"

సుందరి వినపడనట్టు స్కూటీ స్టార్ట్ చేసింది.

మర్నాడు ఉదయం హాజరు వేస్తుంటే సుందరి సుకాంతి పేరు దగ్గర ఆగింది. "చెరువుల పిల్లలకి సెలవంట కదండి, మాకెందుకు లేదు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. సుందరి తాత ఇదే ఊళ్లో కూలి మనిషి. బడి లోపలికి రానివ్వకపోతే బయట కిటికీ కింద కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాడు. ఆయన గురించి ప్రతి ఏడాదీ పిల్లలకు చెబుతుంది. ఇప్పుడు రిజిస్టరు మూసి లేచింది.

"నేను వెళ్లి వాళ్లని తెస్తాను, ప్రసాద్ గారూ."

"ఇంకో అరగంటలో ఆయన వచ్చేస్తారండీ."

"అందుకేనండి."

షెడ్డు దగ్గర సుకాంతి తల్లి ముందు నిలబడి, "ఈరోజు సెలవు కాదమ్మా. నేను అబద్ధం చెప్పాను," అంది. ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుని గబగబా జడ వేసింది. ఇద్దరు పిల్లలు సుందరి స్కూటీ మీద, ఇద్దరు సుకాంతి తండ్రి మోటారుసైకిలు మీద బయల్దేరారు. గట్టు మీద మొన్నటి వానకి బురద. చక్రం రెండుసార్లు జారింది.

వాళ్లు చేరేసరికి పరిశీలకుడు ఆనందరావు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వరండాలో వీరలక్ష్మి. ఆమె చెరువుల పిల్లల్ని చూసి, గొంతు తగ్గించి, "నేను చెప్పిందేంటండి, మీరు చేసిందేంటండి?" అంది.

"మీరు చెప్పినట్టే చేశానండి. అది తప్పని తెలిసి వెళ్లి తెచ్చాను."

ఆనందరావు పాఠ్యపుస్తకం ముట్టుకోలేదు. సంచిలోంచి ఒక కార్డు తీశాడు. అందులో అయిదు వాక్యాల కథ, పిల్లలెవరూ చూడనిది. సుకాంతి మొదటి మాటలో మూడు అక్షరాలు పలికి ఆగిపోయింది. ఆయన కాగితం మీద గుర్తు పెట్టుకున్నాడు. వరండాలో వీరలక్ష్మి తల పక్కకు తిప్పుకుంది.

తర్వాత రమ్యశ్రీ. బడికి ఎవరొచ్చినా సుందరి ముందు లేపేది ఆ పిల్లనే. గడగడా చదువుతుంది. కార్డు చేతికిచ్చారు. దాని వైపు చూసి, "అనగనగా ఒక అడవిలో ఒక కుందేలు..." అని మొదలుపెట్టింది.

కార్డులో కుందేలు లేదు. అడవి లేదు.

"మొదటి మాట మీద వేలు పెట్టి చెప్పమ్మా," అన్నాడాయన నెమ్మదిగా.

పిల్ల వేలు పెట్టింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. గుమ్మం వైపు, తల్లి వైపు చూసింది. సుందరికి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ విన్నది చదువు కాదు, కంఠపాఠం. తను ఒక్కసారి కూడా కొత్త పేజీ తీసి అడగలేదు.

పన్నెండింటికి లెక్క తేలింది. వాక్యం చదవగలిగినవాళ్లు తొమ్మిది మంది. చదవలేని పద్నాలుగు మందిలో చెరువుల పిల్లలు నలుగురు, చర్చిపేట పిల్లలు అయిదుగురు, వీరలక్ష్మి వీధి పిల్లలు అయిదుగురు.

ఆనందరావు వెళ్లాక వీరలక్ష్మి లోపలికి వచ్చింది. "మా రమ్యకి ఏం వేసేరండి?"

సుందరి కాగితం ఆమె ముందు పెట్టింది. "అక్షరాలు వచ్చు, మాటలు చదవడం రాదని రాశారండి. సుకాంతి కూడా ఆ వరసలోనే ఉంది."

"ఇంట్లో పుస్తకమంతా చదువుద్దండి."

"బట్టీ పట్టి చెబుతోందండి. దాన్ని నేను చదువనుకున్నాను."

వీరలక్ష్మి కాగితం వెనక్కి తోసింది. "నాకైతే చదువు రాదు కాబట్టి తెలీలేదండి. మీకెందుకు తెలీలేదండి?"

"తప్పు నాదేనండి," అంది సుందరి.

బుధవారం ఆ వీధి నుంచి ముగ్గురు టీసీలు తీసుకున్నారు. బడిలో ఇరవై మంది మిగిలారు. రమ్యశ్రీకి టీసీ ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం బడి వదిలాక, చదవడం రానివాళ్లను సుందరి వరండాలో కూర్చోబెట్టింది. రమ్యశ్రీ, సుకాంతి ఒకే చాప మీద కూర్చున్నారు. కాసేపటికి గేటు తీసుకుని వీరలక్ష్మి వచ్చింది.

"ఎంతసేపు ఉంచుతారండి?"

"అయిదింటి దాకానండి."

"రోజూనా?"

"ఆయ్, రోజూనండి."

ఆమె చెప్పులు విప్పి వరండా చివర కూర్చుంది. పిల్లలు వేలు పెట్టి చదువుతున్న మాటల వైపు, మెడ సాచి, తనూ చూడటం మొదలుపెట్టింది.