పదహారు జానలు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది గానీ, అది భూమి కాగితాల మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. అందరికీ ఆయన జానాయన. గట్టు పక్కన దున్నిన ప్రతిసారీ నాగలిని ఒక జానెడు అవతలికి ఒరగదోస్తాడని ఎవరో వేళాకోళానికి అన్న మాట అది. తర్వాత అదే ఖాయమైపోయింది. ఆయన కూడా ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు. అరవై నాలుగేళ్లు వచ్చి, రెండు మోకాళ్లూ మొరాయిస్తున్న మనిషికి పేరు కోసం కొట్లాడే ఓపిక ఎక్కడుంటుంది?

గట్టుకు అవతల ఉన్నది పరాయివాడేం కాదు, సొంత తమ్ముడు. అన్నదమ్ములిద్దరికీ మాటల్లేక పదకొండేళ్లయింది. కారణం ఒక రాయి. హద్దురాయిని తమ్ముడు రెండు జానలు అన్న పొలంలోకి జరిపాడని జానాయన ఆరోపణ. రాయి తండ్రి పాతినచోటే ఉందని తమ్ముడి వాదన. పెద్దమనుషుల్లో పెట్టారు. పోయిన నేల ఇమ్మని కూడా జానాయన అడగలేదు. నలుగురిలో ‘జరిపింది నేనే’ అని ఒక్కమాట అంటే చాలన్నాడు. చెయ్యని పనిని ఒప్పుకోనన్నాడు తమ్ముడు. ఆ రోజు చెరో దారిన ఇంటికి వెళ్లినవాళ్లు మళ్లీ ఎదురుపడి పలకరించుకున్న పాపాన పోలేదు.

అయితే ఇద్దరికీ తెగని బంధం ఒకటి మిగిలింది, బావి. అది జానాయన పొలంలో తూర్పు కొసన ఉంది గానీ, పంపకాల్లో ఇద్దరికీ రాశారు. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే పడతాయి. ఆ ఒక్క బావిలోనే తియ్యటి నీళ్లు. మూడు రోజులు అన్నకు, మూడు రోజులు తమ్ముడికి. వంతు అయిపోయినవాడు మోటారు గదికి తాళం వేసి, చెవిని తలుపు పక్కనున్న మేకుకు తగిలిస్తాడు. వంతు వచ్చినవాడు తీసుకుంటాడు. పదకొండేళ్లలో ఆ తాళంచెవి ఒక్క పూట కూడా ఆలస్యం కాలేదు. తిట్టుకోవడానికైనా నోరు విప్పని అన్నదమ్ముల మధ్య మర్యాదంటే అదొక్కటే.

ఇలా ఉండగా, జానాయన పొలం కింద గ్యాసు ఉందని ఒక కంపెనీవాళ్లు కనిపెట్టారు. పైన తిరిగేవాళ్లకు ఏనాడూ తెలియని సంగతి, ఎక్కడో గదిలో కూర్చున్నవాళ్లకు తెలిసింది. కంపెనీ పంపిన నోటీసు పట్టుకుని జానాయన లాయరు దగ్గరికి పరుగెత్తాడు. లాయరు కళ్లజోడు తుడుచుకుని, ఈ మాటలు చెప్పీ చెప్పీ అరిగిపోయిన గొంతుతో వివరించాడు. నేల పైభాగం మీది, కిందున్నది మీది కాదు. కిందున్నదాన్ని తీసుకునే హక్కు ఉన్నవాడికి, దాన్ని చేరుకోవడానికి పైన ఎంత చోటు కావాలో అంత వాడుకునే హక్కు కూడా ఉంటుంది. వద్దనడం మన చేతుల్లో లేదు. ఎటునుంచి రావాలో, దేనికి ఎంత దూరంలో ఉండాలో మాత్రం అడగవచ్చు.

ఇంటికొచ్చి ఈ మాటే భార్యకు చెబితే ఆవిడ తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. అంటే ఇన్నేళ్లూ మనం ఎవరింటికో వచ్చి చాప మీద కూర్చున్నట్టేనన్నమాట అంది.

అసలు దెబ్బ ఏమిటో తెలిసింది మ్యాపు చూశాక. పెద్ద రోడ్డు నుంచి డ్రిల్లింగు చేసే చోటికి కంపెనీ ఇంజనీరు గీసిన బాట తిన్నగా బావి మీదుగా పోతోంది. ఇంజనీరుకు బావి కనపడక కాదు. బావిని పూడ్చేస్తాం, ఇంకోచోట బోరు వేయిస్తాం అన్నాడు. ఆ ఇంకోచోట పడేవి ఉప్పునీళ్లని చెబితే, నీళ్ల సంగతి నీళ్లవాళ్లను అడగమన్నాడు.

అప్పటినుంచి ఎనిమిది నెలలు జానాయన ఆ కంపెనీ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. మొదటి అంతస్తులో ఒక బల్ల, బల్ల ముందు ఒక వరస ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద ఎప్పుడో ఆగిపోయిన గడియారం. సంతకం పెట్టాల్సిన మనిషి ఎప్పుడూ మీటింగులోనే ఉండేవాడు. మోకాళ్లతో మెట్లెక్కలేక కింద కూర్చుంటే పైన పేరు పిలిచేవాళ్లు. పైకి వెళ్లేసరికి పిలిచినవాడు భోజనానికి వెళ్లేవాడు. కసురుకున్నా, విసుక్కున్నా, ఆయన మాత్రం ఒకే ముక్క పట్టుకున్నాడు. బావి పోగూడదు. ఇంకేదైనా తీసుకోండి, బావి మాత్రం పోగూడదు.

చివరికి వాళ్లే అలిసిపోయారో, ఆయన ముఖం చూడలేకపోయారో గానీ, ఒప్పందంలో ఆ షరతు రాశారు. పన్నెండడుగుల రోడ్డు బావి వైపు రాకుండా, చుట్టు తిరిగి, పడమటి గట్టు వెంబడి పోతుంది. యజమాని కళ్లెదుట జెండాలు పాతి హద్దు చూపిస్తారు. దాని కిందే చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. యజమాని గానీ ఆయన ఇంటివాళ్లు గానీ జెండాలు కదిలిస్తే ఈ షరతు చెల్లదు, కంపెనీ తనకు అనువైన దారిన రోడ్డు వేసుకోవచ్చు. లాయరు ఆ ముక్కను రెండుసార్లు చదివి వినిపించాడు. జానాయన రెండుసార్లూ తలూపాడు.

కంపెనీ భూముల ఆఫీసరు తానే వచ్చి దగ్గరుండి జెండాలు పాతించాడు. జుట్టు నెరిసిన మనిషి, ఎండలో తిరిగి తిరిగి ముఖం కమిలిపోయింది. మూడుకాళ్ల యంత్రం పెట్టి చూసి, జానాయన పొలంలో గట్టు పక్కనే రెండు వరసల ఎర్రజెండాలు గుచ్చారు. మూడు వారాల్లో బుల్డోజరు వస్తుందని చెప్పి వెళ్లారు.

ఆ రాత్రి జానాయన చాలా నెలల తర్వాత కంటినిండా నిద్రపోయాడు. తెల్లవారి పొలానికి వెళ్లి జెండాల దగ్గర నిలబడ్డాడు. బావి దక్కింది, నిజమే. కానీ పన్నెండడుగుల నేల, ఆ కొస నుంచి ఈ కొస దాకా, పూర్తిగా తనదే పోతోంది. గట్టు అవతల తమ్ముడి నేల మాత్రం నున్నగా, చెక్కుచెదరకుండా ఉంది. ఎవరూ చూడటం లేదు. చెయ్యి దానంతటదే వెళ్లింది. ఒక్కో జెండా పీకి, ఒక్కో జానెడు పడమటికి గుచ్చాడు.

ఆయన ఇది ఆలోచించి చేశాడంటే అబద్ధం. ఆలోచించి ఉంటే చేసేవాడే కాదు. నలభై ఏళ్లుగా గట్టు దగ్గర ఆయన చేతికి తెలిసిన పని అదొక్కటే, అంతే. మర్నాడు ఇంకో జానెడు. ఆ మర్నాడు ఇంకోటి. మొదట జెండాలు గట్టెక్కాయి, తర్వాత గట్టు దిగాయి. పదహారు రోజులకు పదహారు జానలు, అంటే అచ్చంగా పన్నెండడుగులు. రోడ్డు రోడ్డంతా తమ్ముడి పొలంలోకి నడిచి వెళ్లింది. తమ్ముడు రోజూ అటు తిరుగుతూనే ఉన్నాడు, ఒక్కమాట అనలేదు. అననందుకు జానాయనకు కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

భార్య మాత్రం పొలం వైపు వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. జెండాలకు కాళ్లొచ్చాయా అని అడిగింది. గాలికి అని ఆయన నసిగాడు.

బుల్డోజరుతో పాటు భూముల ఆఫీసరు కూడా వచ్చాడు. ఒక చేతిలో మ్యాపు, ఇంకో చేతిలో ఫైలు. జెండాల వరసను ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిచి చూశాడు. తిరిగి వచ్చేటప్పటికి ముఖంలో కోపం లేదు, విసుగు మాత్రం ఉంది. ఇలాంటివి ఎన్ని చూశాడో పాపం.

“అయ్యా, మీరు ఎనిమిది నెలలు తిరిగింది నేను చూశాను. కానీ జెండాలు జరిగాయి. మీరు గానీ మీ ఇంటివాళ్లు గానీ జరిపితే బావి షరతు పోతుంది. కాగితం మీద అలాగే ఉంది. ఇవాళే తిన్నగా వేసుకుపొమ్మంటారు మావాళ్లు” అన్నాడు.

జానాయన గాలికి అనబోయాడు గానీ, గాలి జానలు కొలుచుకుని వీస్తుందా? ఎనిమిది నెలల ప్లాస్టిక్ కుర్చీలూ మెట్లూ అన్నీ ఒక్కసారిగా మోకాళ్ల మీదికి వచ్చి కూర్చున్నాయి. బుల్డోజరు డ్రైవరు ఇంజను ఆపకుండా తూర్పువైపు, బావి వైపు చూస్తున్నాడు. ఇంత బతుకూ బతికి, చేతి దురదతో బావిని పోగొట్టుకున్నానన్న సంగతి జానాయనకు అప్పుడు పూర్తిగా తలకెక్కింది.

గట్టు అవతలనుంచి ఎవరో వస్తున్న చప్పుడైంది. భుజాన పారతో తమ్ముడు. అన్న వైపు చూడకుండా నేరుగా ఆఫీసరు ముందుకొచ్చి నిలబడ్డాడు.

“జరిపింది నేనే” అన్నాడు.

ఆఫీసరు ఫైలు మూశాడు. రోడ్డును సొంత పొలంలోకి ఎవరైనా లాక్కుంటారా అని అడిగాడు.

“నా పొలానికి బండి దారి లేదు. రోడ్డు పడితే పనికొస్తుందని లాక్కున్నాను. ఇప్పుడు జెండాలు ఎక్కడున్నాయో అక్కడే వేసుకోండి. నేల నాది, సంతకం నేను పెడతాను.”

ఆఫీసరు అన్నను చూశాడు, తమ్ముణ్ని చూశాడు. ఇద్దరి ముక్కులూ ఒక అచ్చులో పోసినవే. మీరు ఈయన ఇంటివాళ్లు కారా అన్నాడు.

“మాకు మాటల్లేక పదకొండేళ్లు. ఎవరినడిగినా చెబుతారు.” తమ్ముడు భుజం మీది పార కిందికి దించాడు. “మా అన్నయ్యకు ఇదేమీ తెలియదు.”

ఆఫీసరుకు అర్థం కాలేదనుకోవడానికి లేదు. కానీ ఆయనకు కావాల్సింది ఒక కాగితం, బుల్డోజరుకు కావాల్సింది ఒక దారి. ఫైలును బుల్డోజరు ముందున్న ఇనుప పలక మీద పెట్టి, తమ్ముడు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, సంతకం చేయించుకున్నాడు. షరతు అలాగే ఉంటుందని, బావి జోలికి ఎవరూ రారని చెప్పాడు.

ఈ తతంగమంతా జరుగుతున్నంతసేపూ జానాయన గుడ్లప్పగించి నిలబడ్డాడు. నోరు తెరిచి ‘కాదు, నేను జరిపాను’ అంటే బావి పోతుంది. తెరవకపోతే తమ్ముడి నేల పోతుంది. తెరవలేదు. పదకొండేళ్లుగా వినాలని ఎదురుచూసిన మాట, అదే మాట, నలుగురి ముందు, అదే నోటినుంచి విన్నాడు. విని తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అరచేతుల్లో మట్టి దులుపుకున్నాడు. అంత సిగ్గు ఆయన పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ పడలేదు.

రాత్రి అన్నం ముందు కూర్చుని భార్యకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ దెప్పుతుందనుకున్నాడు. దెప్పినా బాగుండేది.

“కోరుకున్న మాట చెవిన పడిందిగా. ఇక తినండి” అంది.

నాలుగు రోజుల్లో తమ్ముడి పొలంలో ఆ కొసనుంచి ఈ కొసకు కంకర పరిచి రోలరు తిప్పారు. కంకర పడిన నేల ఇక వాళ్లిద్దరి బతుకులో పంటకు రాదు. రోడ్డు పడితే పనికొస్తుందన్న తమ్ముడికి బండే లేదు, ఎప్పుడో అమ్మేశాడు.

అయిదో రోజు మధ్యాహ్నం లారీల రాకపోకలు కాస్త సద్దుమణిగాక జానాయన గునపం పట్టుకుని హద్దురాయి దగ్గరికి వెళ్లాడు. పదకొండేళ్లు తగువులాడిన ఆ రాయి, పెకలించడానికి గంట కూడా పట్టలేదు. దాన్ని పక్కకు దొర్లించి, గుంట దగ్గర కూర్చుని, తన పొలంలోకి జానలు కొలవడం మొదలుపెట్టాడు. పదహారు జానలు లోపలికి పాతాలి. మోకాళ్లు వంగవు కాబట్టి పిరుదుల మీదే జరుగుతూ, బొటనవేలికి చిటికెనవేలు కలుపుకుంటూ కొలుస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు.

ఆ రోజు నీళ్లు తమ్ముడి వంతు. మోటారు గదికి వెళ్తూ వెళ్తూ ఆగి, తమ్ముడు ఈ కొలతంతా చూశాడు. జానాయన తలెత్తలేదు. నువ్వు అన్నది అబద్ధమని నాకు తెలుసురా అనాలని ఉంది, క్షమించమనాలని ఉంది. తొమ్మిదో జాన పరిచాడు.

“కొలవకు అన్నయ్యా” అన్నాడు తమ్ముడు. “కొలిచావంటే మళ్లీ మొదలవుతుంది.”

అని ఇంకేమీ అనకుండా వెళ్లి మేకునున్న తాళంచెవి తీసుకున్నాడు. కాసేపటికి మోటారు చప్పుడు, కాలువలో నీళ్లు పారుతున్న చప్పుడు వినపడ్డాయి. తొమ్మిదో జాన దగ్గర పరిచిన చెయ్యి నేల మీద అలాగే ఉండిపోయింది. దాన్ని తీసి ఎక్కడ పెట్టుకోవాలో జానాయనకు తెలియలేదు.